చేతి ఎరుకయు, కొలత పానాయు

పెద్దలారా, నేడు నేను మీతో ముచ్చటింపదలచినది మిక్కిలి చిన్న వస్తువును గూర్చి. మోటారు బండి చక్రమును పట్టియుంచు నట్టును ఎంత బిగింపవలెను అను ప్రశ్న అది. ఇది మిస్త్రీల గొడవ గదా, మాకేల యని మీరనవచ్చును. కాని సంతకు పోవు జీపులో మీ కోడలు పసిబిడ్డతో కూర్చుండును. పత్తి బస్తాల ట్రాక్టరును మీ కుమారుడు తోలును. ఆసిఫాబాదు జిల్లా కచేరీకి మీరును ఆటోలోనే పోవుదురు. ఆ బండ్ల చక్రములన్నియు కొలది నట్లపై ఆధారపడియున్నవి. కావున ఆ నట్ల బిగువు మనయందరి గొడవయే.

కాగజ్‌నగరము యంత్రముల నడుమ పెరిగిన ఊరు. పూర్వము కొత్తపేట యనబడిన ఆ పల్లెకు, 1938లో నెలకొల్పబడి 1942లో కాగితము తీయనారంభించిన సిర్పూరు కాగితపు మిల్లు వలన నేటి పేరు వచ్చినది. ఆ మిల్లు 2014లో మూతపడి, 2018లో మరల తెరువబడినది. వెదురును, కర్రను మోసికొనివచ్చు లారీల వెంట మరమ్మతు కొట్లును వెలసినవి. అట్టి కొట్లలో కూర్చున్నప్పుడు నేనొక వాదమును పలుమారులు వింటిని. తల నెరసిన మిస్త్రీ, “నట్టే చెప్తది బిడ్డా, చెయ్యి వినాలె” అనును. శిక్షణశాలలో చదివి వచ్చిన కుర్రవాడు, “పుస్తకంల రాసినంతనే తిప్పాలె తాతా” అనును. మొదటివాడు చేతి ఎరుకను నమ్మినవాడు. రెండవవాడు టార్క్ రెంచి అనబడు కొలత పానాను నమ్మినవాడు. ఎవరిది న్యాయమో నిదానముగా విచారింతము.

ముందుగా బిగువనగా నేమో తెలిసికొనవలెను. నట్టును త్రిప్పినకొలది అది మర చుట్లవెంట లోనికి పోవును. చక్రపు రేకునకు తగిలి ఆగిన పిమ్మటను త్రిప్పినచో, పోవుటకు చోటు లేక, అది స్టడ్డును తనవైపునకు లాగును. అప్పుడా ఉక్కు స్టడ్డు సాగును. వెంట్రుక మందమునకు అటునిటుగా మాత్రమే సాగును గాని, సాగుట నిజము. సాగిన ఉక్కు మరల కుదించుకొనవలెనని చూచును. ఆ ప్రయత్నమే చక్రమును ఇరుసు హబ్బునకు అదిమి పట్టుచున్నది. నులకమంచము నేసినప్పుడు తాడును లాగి కట్టుదురు. తాడు లాగుడు మీద నున్నంత కాలము మంచము బిగువుగా నుండును. నట్టు కథయు నట్టిదే.

చక్రము స్టడ్లపై వ్రేలాడుచు నిలుచునని పలువురు తలంతురు. నిజమునకు, ఒకదానినొకటి అదుముకొను చక్రపు ముఖమునకును హబ్బు ముఖమునకును నడుమ గల రాపిడియే చక్రమును కదలకుండ నిలుపును. నట్టు వదులైనచో ఆ రాపిడి చాలదు. చక్రము ప్రతి చుట్టునకును కొంచెము అటునిటు జరుగును. ఆ జరుగుడు స్టడ్డును ఒకమారు ఇటు, ఒకమారు అటు వంచును. ఇనుప తీగను వంచి వంచి త్రెంచుట మీరెరిగినదే. స్టడ్డును అట్లే త్రెగును. ఒకటి త్రెగినచో తక్కినవాని భారము పెరిగి, అవియు త్వరగా త్రెగును.

అట్లని ఎంత బిగించిన అంత మేలు కాదు. సాగుటకు హద్దు కలదు. హద్దు మీరి సాగిన ఉక్కు మరల వెనుకకు రాదు. మర చుట్లు చెడును, స్టడ్డు సన్నబడును. ఆనాడు చక్రము నిలిచినను, పిదప నొకనాడు అడవిదారిలో పంక్చరైనప్పుడు నట్టు రాదు, లేదా స్టడ్డే విరిగి చేతికి వచ్చును. ఎడ్లబండి చక్రమునకు కడచీల ఉన్నదా లేదా అని చూచిన చాలును. మోటారు నట్టు విషయమున అది చాలదు. ఉన్నది సరే, ఎంత బిగువుతో నున్నది అని కూడ అడుగవలెను. మన వాదమంతయు ఆ ‘ఎంత’ను గూర్చినదే.

ఇక చేతి ఎరుక మాట. దానిని చులకన చేయరాదు. నిజాం రాష్ట్ర రైల్వే శాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో హైదరాబాదు రాజ్యమున బస్సులు నడుప నారంభించినప్పుడు, కొలత పానా యనునది లోకమునకే క్రొత్త. నాటి బండ్ల బిగువంతయు మిస్త్రీల మణికట్టులోనే యుండెను. మంచి మిస్త్రీ వేలితో నట్టును ఎక్కించునప్పుడే మర సరిగా పడినదో, అడ్డముగా పడినదో కనిపెట్టును. ఇసుక చేరిన మర గరగరలాడుట ఆతని వేలికి తెలియును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. బిగించుచుండగా పానా గట్టిపడుచు వచ్చి, హఠాత్తుగా మెత్తబడినచో, ఉక్కు లొంగినదని గాని మర త్రెగుచున్నదని గాని ఆతడెరిగి అక్కడనే చేయి నిలుపును. ఈ ఎరుక ఏ పుస్తకమునను అంకెగా వ్రాయబడలేదు.

ఇందులో మరియొక చమత్కారము కలదు. పానాల పెట్టె తెరచి చూడుడు. చిన్న నట్టు పానా పొట్టిగాను, పెద్ద నట్టు పానా పొడుగుగాను ఉండును. మనిషి మామూలు బలముతో లాగినప్పుడు చిన్న నట్టునకు తక్కువగాను, పెద్ద నట్టునకు ఎక్కువగాను తిప్పుబలము చేరవలెనని పానా చేయువారు చేసిన ఏర్పాటది. అనగా చేతి పనిలోనే ఒక కొలత దాగియున్నది. పానా కొనకు ఇనుప గొట్టము తొడిగి, దానిపై నిలువబడి త్రొక్కువాడు ఆ కొలతను పాడుచేయుచున్నాడు. అరవై కిలోల మనిషి మీటరు పొడుగు గొట్టము కొనపై నిలుచున్నచో, ఆ నట్టుపై 60 కిలో-మీటర్ల తిప్పుబలము పడును. సాధారణముగా చిన్న కారు చక్రపు నట్టు కోరునది 10 కిలో-మీటర్లకు అటునిటుగా మాత్రమే. అనగా ఆరింతలు.

ఈ కిలో-మీటరు ఏమని అడిగెదరేమో. ఇది దారి దూరమును కొలుచు కిలోమీటరు కాదు. మీటరు పొడుగు గల పానాను అడ్డముగా నిలిపి, దాని కొనకు 1 కిలో బరువు వ్రేలాడదీసినచో కలుగు తిప్పుబలము 1 కిలో-మీటరు. అరమీటరు పానాకు 2 కిలోలు వ్రేలాడదీసినను అంతియే. క్రొత్త పుస్తకములలో న్యూటన్-మీటర్లని యుండును. 1 కిలో-మీటరు అనగా సుమారు 10 న్యూటన్-మీటర్లు.

చేతి ఎరుకకు గల లోపము దాని నిలకడలేమి. ఉదయము తాజాగా నున్న చేయి సాయంకాలమునకు అలసిపోవును. వంగి లాగిన చేతికిని, నిలిచి త్రొక్కిన కాలికిని భేదము కలదు. గురువు చేయి శిష్యునకు రాదు. పొడుగు పానాతో తేలికగాను, పొట్టి పానాతో కష్టముగాను తోచును. యంత్రశాస్త్ర గ్రంథములలో ఒక లెక్క ఇయ్యబడును. చేతి అంచనాతో బిగించిన బోల్టుల బిగువు, కోరిన దానికంటె నూటికి 35 పాళ్ల వరకు హెచ్చుగా గాని తగ్గుగా గాని ఉండవచ్చునని దాని సారాంశము. ఒక చక్రమున ఒక నట్టు అతి బిగువుగాను, ప్రక్క నట్టు వదులుగాను ఉండుటకు ఇదియే హేతువు.

ఈ చిక్కును గుర్తించి ఉపాయము వెదకిన వారిలో న్యూయార్కు నగరపు నీటి సరఫరా శాఖలో పనిచేసిన కాన్‌రాడ్ బార్ ఒకడు. భూమిలోని గొట్టముల బోల్టులను పనివాండ్రు అతిగా బిగించి విరుగగొట్టుచుండుట చూచి, ఆతడు 1918లో కొలత పానాను కల్పించెనని చెప్పుదురు. దానికి 1937లో పేటెంటు లభించినది. తొలిదినముల పానాలలో ఒక రకము నేటికిని కలదు. దాని కాడ వంగినకొలది ప్రక్కనున్న ముల్లు అంకెల పలకపై జరుగును. మరియొక రకమున లోపల స్ప్రింగు ఉండును. కావలసిన అంకెకు పిడిని త్రిప్పి పెట్టినచో, అంత తిప్పుబలము చేరగానే ‘టక్కు’మని చేతికి తెలియజేయును. త్రాసు లేని కాలమున దోసిలితో ధాన్యము కొలిచినట్లు నడచిన పనికి ఇట్లు త్రాసు దొరకినది.

అయినచో వాదము తీరినట్లే గదా, కుర్రవానిదే గెలుపు గదా యని మీరనవచ్చును. తొందరపడకుడు. ఈ త్రాసు దేనిని తూచుచున్నదో చూడవలెను. మనకు కావలసినది స్టడ్డులోని బిగువు. పానా చూపునది నట్టును త్రిప్పుటకు పట్టిన బలము. ఈ రెండును ఒకటి కావు. మనము వేసిన తిప్పుబలములో నూటికి సుమారు 50 పాళ్లు నట్టు అడుగున రాపిడికిని, 40 పాళ్లు మర చుట్లలో రాపిడికిని వ్యయమగును. బిగువుగా మారునది సుమారు 10 పాళ్లు మాత్రమే. పది రూపాయలు పంపిన, తొమ్మిది దారిలో సుంకములకు పోయి, ఒక్కటి ఇల్లు చేరినట్లు. దారిలో సుంకము కొంచెము మారినను, ఇల్లు చేరు సొమ్ము చాల మారిపోవును.

లెక్క వేసి చూతము. పండ్రెండు మిల్లీమీటర్ల స్టడ్డు శుభ్రముగా, పొడిగా నున్నచో, 10 కిలో-మీటర్ల తిప్పుబలమునకు సుమారు 4 టన్నుల బిగువు కలుగును. అదే స్టడ్డునకు చమురు పూసి, అదే అంకెకు బిగించినచో, బిగువు 5 టన్నులు దాటిపోవచ్చును. అదియే తుప్పు పట్టి, మట్టి చేరియున్నచో, 3 టన్నులైనను రాకపోవచ్చును. మూడు తావులను పానా ఒకే మారు ‘టక్కు’మన్నది, ఒకే అంకె చూపినది. పానా అబద్ధమాడలేదు. తన్నడిగిన దానికి మాత్రమే బదులు చెప్పినది. అందువలననే ఆ గ్రంథములు, కొలత పానాతో బిగించినను బిగువు నూటికి 25 పాళ్లు అటునిటు కావచ్చునని చెప్పుచున్నవి. చేతి అంచనా కంటె మేలే గాని, తుదిమాట కాదు.

ఇంకొక వింత వినుడు. నట్టు గట్టిగా తగిలిన పిమ్మట ఇంత భాగము చుట్టు త్రిప్పవలెనని కొలుచు పద్ధతిలో తేడా నూటికి 15 పాళ్లకు తగ్గును. ఏలయనగా, చుట్టు కొలుచుట అనగా స్టడ్డు ఎంత సాగినదో కొలుచుటయే. రాపిడి అక్కడ అంతగా అడ్డురాదు. నేటి ఇంజనుల హెడ్డు బోల్టులకు పెక్కు కంపెనీలు ఈ పద్ధతినే నిర్ణయించినవి. మొదట కొలత పానాతో కొంత బిగించి, ఆ మీదట పావు చుట్టు త్రిప్పుమని వ్రాయుదురు. వాషరుతో కూడిన క్రొత్త స్పార్కు ప్లగ్గును చేతితో తగులువరకు త్రిప్పి, ఆపై పానాతో అరచుట్టు మొదలు చుట్టులో మూడింట రెండు పాళ్ల వరకు త్రిప్పవలెనని ప్లగ్గు చేయువారే చెప్పుదురు. “తగిలినంక పావు చుట్టు” అని ముసలి మిస్త్రీలు శిష్యులకు నేర్పిన మాటలో ఎంత యుక్తి యున్నదో చూచితిరా? అయితే ఎన్ని పాళ్లు త్రిప్పవలెనో బోల్టు బోల్టునకు మారును. కనుక కంపెనీ పుస్తకము చూడక తప్పదు. కొన్ని హెడ్డు బోల్టులు ఒకమారు సాగిన పిమ్మట మరల వాడదగవనియు అందులోనే వ్రాసియుండును.

బండ్లు మారిన సంగతియు గమనింపవలెను. 1957 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడరు కారులో చిరకాలము వాడబడిన పాత పెట్రోలు ఇంజను హెడ్డు పోత ఇనుము. అది కొంత మొరటు చేతిని ఓర్చుకొనును. నేటి కారుల హెడ్లు అధికముగా అల్యూమినియము. అది మెత్తని లోహము. ఇనుముపై నేర్చిన చేయి అల్యూమినియముపై మర త్రెంపగలదు. మిస్త్రీ చేయి చెడలేదు, దాని క్రింది లోహము మారినది.

బెజ్జూరు వైపు అడవిదారిలో నొకసారి జరిగిన సంగతి చెప్పెదను. నేనెక్కిన జీపునకు ఆ ఉదయమే ఒక కొట్టులో చక్రము మార్చిరి. కొంత దూరము పోవునప్పటికి వెనుక చక్రము నుండి ‘టకటక’మని సన్నని చప్పుడు వినవచ్చినది. కబుర్లలో మునిగిన మాకెవ్వరికిని వినబడలేదు. డ్రైవరు విని బండి నిలిపెను. చూడగా రెండు నట్లు రాలిపోయినవి, తక్కినవి వేలితో తిరుగుచున్నవి. మాలో పది మంది ఉంటిమి, అందు పిల్లలు ముగ్గురు. నట్లను బిగించినమాట నిజమే. కాని హబ్బు ముఖమున ఎండిన మట్టి పెళ్లలు తుడువక చక్రమెక్కించిరి. బండి నడచినకొలది ఆ మట్టి నలిగి పొడియై రాలెను, ఆ మేర చోటు ఏర్పడెను, స్టడ్డులోని సాగుదల పోయెను. కొలత పానాతో బిగించినను ఆ మట్టిపై ఫలితము అంతియే. ఆనాడు మమ్ము కాచినది డ్రైవరు చెవి.

కావున నా తీర్పు ఇది. బిగించుటకు ముందు చేయవలసిన పనియంతయు చేతి ఎరుకకు సంబంధించినది. శుభ్రము చేయుట, మర పరీక్షించుట, వేలితో ఎక్కించుట, అనుమానము వచ్చిన స్టడ్డును మార్చుట, ఇవి పానా ఎరుగని విద్యలు. చివరి బిగువు మాత్రము, మనిషి ప్రాణము దేనిపై నున్నదో అక్కడ, అంకెకు అప్పగింపవలెను. చక్రపు నట్లు, బ్రేకు బోల్టులు, స్టీరింగు బోల్టులు, ఇంజను హెడ్డు ఈ కోవలోనివి. నంబరు పలక స్క్రూనకును, మడ్గార్డు బోల్టునకును చేయియే చాలును. ఇంట కూరలో ఉప్పు వేయుటకు త్రాసు తేరు. వైద్యుడు బిడ్డకు మందు పోయునప్పుడు మాత్రము కొలత గిన్నె వాడక మానడు.

చక్రము బిగించు క్రమము చెప్పెదను, మీరు నిలిచి చూచునప్పుడు ఉపకరించును. హబ్బు ముఖమును, చక్రపు ముఖమును తీగ బురుసుతో తుప్పు, మట్టి పోవునట్లు రుద్దవలెను. పుస్తకము చెప్పిననే తప్ప స్టడ్లకు చమురు పూయరాదు. ప్రతి నట్టును మొదట వేళ్లతోనే ఎక్కింపవలెను. చక్రము లేచియుండగా కొంచెము బిగించి, జాకీ దింపి నేల కానిన పిమ్మట తుది బిగువు ఈయవలెను. వరుసగా ఒకదాని ప్రక్క నొకటి బిగింపక, ఎదురెదురుగా బిగింపవలెను. బండిపై గడ్డిమోపునకు ఇరువైపుల తాళ్లను మార్చి మార్చి లాగి కట్టుదురు గదా, అదే న్యాయము. గాలి గన్నుతో ‘గర్ర్’మని తుదివరకు బిగించుట మంచిది కాదు. ఏబది మొదలు నూరు కిలోమీటర్లు నడచిన తరువాత నట్లను మరల ఒకమారు కొలచి చూడవలెను. ఆ జీపు విషయమున ఈ ఒక్క ఆచారము పాటింపబడినను, దోషము ముందే బయటపడెడిది. లారీ, ట్రాక్టరు నట్లకు కావలసిన అంకె కారు నట్టు కంటె ఎన్నియో రెట్లు పెద్దది. బండికి బండికి అంకె వేరు. ఒకదాని అంకె మరియొకదానికి వాడరాదు.

కొలత పానాను కొనినవారు దానిని సుత్తివలె వాడరాదు. దానితో పట్టేసిన నట్లను విప్పరాదు. ‘టక్కు’మనగానే ఆపవలెను. “ఇంకొక్కసారి” యని లాగినచో కొలత వ్యర్థము. స్ప్రింగు పానాను పని ముగిసిన పిమ్మట అన్నిటికంటె తక్కువ అంకెకు త్రిప్పి పెట్టెలో పెట్టవలెను. ఏడాదికొకమారు గాని, 5000 మారులు వాడిన పిమ్మట గాని పరీక్షింపజేయుట నియమము. మన ఊరిలోనే స్థూలముగా చూచుకొనుటకు ఉపాయము కలదు. పానా తలను బిగింపు పట్టులో అడ్డముగా నిలిపి, తల నడిమి నుండి సరిగా అరమీటరు దూరమున, అది పిడి నడుమ పడునేని, 20 కిలోల తూకపురాళ్లు వ్రేలాడదీయుడు. అది 10 కిలో-మీటర్లు. పానాను 10కి పెట్టియున్నచో అక్కడనో, దానికి మిక్కిలి దాపుననో పలుకవలెను. పానా తన బరువు కొంచెము కలియును గనుక ఇది స్థూల పరీక్ష మాత్రమే. ఐనను మిక్కిలి తప్పిన పానాను ఇది పట్టి ఇచ్చును. తూకపురాయి తప్పైన దుకాణమును మీరు నిలదీయుదురు గదా, ఈ త్రాసునకును అదే మర్యాద.

పెద్దలారా, ఊరిలో బండి కొన్నవాడు మీ మాట వినును. జీపు నడుపువాడు మీకు నమస్కరించును. ఆతనిని మూడు మాటలు అడుగుడు: “చక్రము ఎప్పుడు విప్పితివి? బిగించునప్పుడు మట్టి తుడిచిరా? నడిచిన తరువాత మరల చూచితివా?” మిస్త్రీని చులకన చేయక, ఆతని చేతి విద్యను మెచ్చుకొనుచునే, కొట్టులో ఒక కొలత పానా ఉండవలెనని చెప్పుడు. క్రొత్తగా నేర్చుకొను కుర్రవానికి మాత్రము, పానా చేతికిచ్చుటకు ముందు నట్టును వేలితో ఎక్కించుట నేర్పుమని ఆ మిస్త్రీతోనే చెప్పుడు. ఆతని వేళ్లలోని విద్య పిల్లవానికి అందక ముందే పోయినచో, దానిని తిరిగి తెచ్చి ఇయ్యగల పానా ఏ దుకాణమునను దొరకదు.